చేట, చాప, తొట్టెల: కవల శిశువుల నిద్రస్థలం - ఒక సాంఘిక చరిత్ర పరిశీలన (చేగుంట ప్రాంత నేపథ్యంలో)

వ్యాససంగ్రహం:

పసిబిడ్డను ఎక్కడ పడుకోబెట్టాలన్నది ప్రతి ఇంటికీ ఎదురయ్యే ప్రశ్న. పుట్టినవారు ఇద్దరైతే ఆ ప్రశ్న మరింత జటిలమవుతుంది. తెలుగువారి పురిటి ఆచారాలు, పురాణ కథలు, ఆయుర్వేద గ్రంథాలు, గృహనిర్మాణంలో వచ్చిన మార్పులు ఆధారంగా శిశువు నిద్రస్థలం ఎలా మారుతూ వచ్చిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. సంప్రదాయం నమ్ముకున్నది తొట్టెల అనే వస్తువును కాదని, దాని పక్కన కూర్చున్న మనిషిని అని ప్రతిపాదిస్తుంది. ఆ మనిషి లేని నేటి ఇంట్లో కవలల నిద్రకు ఏ ఏర్పాటు క్షేమకరమో వైద్యశాస్త్ర సూచనలతో పోల్చి నిర్ధారించడం దీని లక్ష్యం.

కీలకపదాలు: కవలలు, తొట్టెల, చేట, పురుడు, జోలపాట, శిశు సంరక్షణ, చేగుంట, మెదక్ జిల్లా.

1. ఉపోద్ఘాతం

సాహిత్యంలోని వర్ణనలను ఆధారంగా చేసుకొని సామాన్యుల తిండిని, బట్టను, ఇంటిని, ఆటను చరిత్రగా రాయవచ్చని సురవరం ప్రతాపరెడ్డి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ (1949) నిరూపించింది. ఆ మార్గంలో తరువాత ఎన్నో పరిశోధనలు వచ్చాయి. అయితే మనిషి తన జీవితంలోని తొలి వారాలను దాదాపు పూర్తిగా గడిపే చోటు, అంటే పసిబిడ్డ పడక, ప్రత్యేక అధ్యయనాంశంగా అంతగా నిలవలేదు. జోలపాటపై పరిశోధన జరిగినంతగా ఆ పాట వింటూ బిడ్డ పడుకున్న స్థలంపై జరగలేదు.

ఈ వ్యాసానికి ప్రేరణ మా ఇంటి అనుభవం. మాది మెదక్ జిల్లా చేగుంట. హైదరాబాదు నుంచి నాగపూరు వెళ్ళే జాతీయ రహదారిపై తూప్రాన్, రామాయంపేటల మధ్య ఉన్న మండల కేంద్రమిది. మా అక్కకు కవలలు పుట్టినప్పుడు మా పాత పెంకుటింటి దూలానికి రెండు చీర తొట్టెలలు పక్కపక్కనే కట్టాం. పగలంతా ఇల్లు నిండా మనుషులు, రెండూ ఊగుతూనే ఉన్నాయి. రాత్రి దీపం తగ్గించే వేళకు మా అమ్మమ్మ ఇద్దరు పిల్లలనూ బయటికి తీయించింది. అక్క చాపకు ఇటొక చేట, అటొక చేట పెట్టించి, మడతపెట్టిన పాత ధోవతి పరిచి, ఒక్కొక్కరిని ఒక్కొక్క చేటలో పడుకోబెట్టింది. కారణం అడిగితే ఆమె చెప్పింది ఒక్క మాటే: “తొట్టెల్ల పండుకున్న పోరడు కనవడడు బిడ్డా, చేటల పండుకున్నోడు కనవడ్తడు.”

అప్పుడు దాన్ని పెద్దల చాదస్తమనుకున్నాను. తరువాత శిశు నిద్రకు సంబంధించిన వైద్య సూచనలు చదివినప్పుడు, ఆ మాటలో ఒక సూత్రం ఉందనిపించింది. ఆ సూత్రానికి మన సాహిత్యంలో, ఆచారంలో ఉన్న పూర్వరంగాన్ని వెతకడమే ఈ వ్యాసం చేసిన ప్రయత్నం.

2. మాటల్లో మిగిలిన చరిత్ర

జంటగా పుట్టిన పిల్లలకు తెలుగులో ప్రధానంగా రెండు మాటలున్నాయి. ‘కవ’ అంటే జత. దాని నుంచి వచ్చినవే కవలు, కవలలు. కవిత్రయ భారతంలో నకుల సహదేవులను ‘కవలు’ అని వ్యవహరించడం పాఠకులకు తెలిసినదే. రెండవది ‘అమడలు’. సంస్కృత ‘యమళ’ శబ్దానికి ఇది తద్భవం. యమళార్జున భంజన కథలోని జంట మద్దిచెట్ల పేరులో ఉన్నదీ ఆ శబ్దమే. ఈ రెండు మాటలూ పిల్లలను విడివిడి వ్యక్తులుగా కాక ఒక జతగా చూస్తాయి. జతను ఒకేచోట ఉంచాలనే కోరిక ఈ భాషలోనే ఉంది. రామలక్ష్మణులని, లవకుశులని జంటపేర్లు పెట్టడం, ఒకే రకం బట్టలు తొడగడం, ఒకే తొట్టెలలో వేయాలని ముచ్చటపడటం అన్నీ ఆ భావన నుంచి పుట్టినవే.

పడకకు సంబంధించిన మాటలు ఇంకా ఎక్కువ. తెలంగాణలో తొట్టెల, ఇతర ప్రాంతాల్లో ఉయ్యాల, ఊయల వాడుకలో ఉన్నాయి. తమిళ, మలయాళ, కన్నడ భాషల్లోని తొట్టిల్, తొట్టిలు రూపాలను చూస్తే తొట్టెల ద్రావిడ భాషల ఉమ్మడి సొత్తని అర్థమవుతుంది. సంస్కృత డోలా శబ్దం కావ్యాల్లో ‘డోల’గా, దేవాలయాల్లో డోలోత్సవంగా స్థిరపడింది.

తెలంగాణలో ‘తొట్టెల’కు మరొక అర్థం కూడా ఉంది. బోనాల పండుగలో వెదురు పుల్లలతో, రంగు కాగితాలతో కట్టి అమ్మవారికి సమర్పించే అలంకృత నిర్మాణాన్ని కూడా తొట్టెల అనే అంటారు. సంతానం కోరి చెట్టుకో, గుడికో చిన్న తొట్టెల కట్టే మొక్కు కూడా ఉంది. పిల్లలను కాచే దేవతకు పిల్లల పడకనే కానుకగా ఇవ్వడాన్ని బట్టి తొట్టెల ఒక గృహోపకరణం మాత్రమే కాదని, క్షేమానికి గుర్తు అని గ్రహించవచ్చు. బతుకమ్మ పాటల్లో చరణం చరణానికీ వచ్చే ‘ఉయ్యాలో’ అనే పల్లవి మాట కూడా ఈ ప్రాంతపు స్త్రీల నాలుకపై ఆ పడకను నిత్యం నిలిపి ఉంచింది.

3. ఆయుర్వేద గ్రంథాల్లో శిశుశయ్య

శిశువు పడకను గురించి శాస్త్రదృష్టితో చెప్పిన పాత గ్రంథాల్లో చరక సంహిత ముఖ్యమైనది. శారీరస్థానం ఎనిమిదవ అధ్యాయంలో కుమారాగార వర్ణన ఉంది. బిడ్డను ఉంచే గది చీకటిగా ఉండరాదు, వడిగాలి తగలరాదు, ఎలుకలు, పురుగులు చేరరాదు. పడక, కప్పే బట్టలు తేలికగా, మెత్తగా, శుభ్రంగా ఉండాలి. చెమటతో, మలమూత్రాలతో మలినమైన వాటిని తీసేయాలి. వేరే లేకపోతే వాటినే ఉతికి, ధూపం పట్టి, బాగా ఆరబెట్టి వాడాలి. చివరి సూచన పేద ఇంటిని కూడా దృష్టిలో పెట్టుకొని చేసినది కావడం గమనార్హం.

సుశ్రుత సంహిత శారీరస్థానం పదవ అధ్యాయం బిడ్డను నారబట్ట పరిచిన పడకపై ఉంచి, వేప మొదలైన చెట్ల కొమ్మలతో విసరాలని చెబుతుంది. నిద్రిస్తున్న బిడ్డను ఉన్నట్టుండి లేపరాదని కూడా హెచ్చరిస్తుంది. పురిటింటి గుమ్మానికి, మంచానికి వేపమండలు కట్టే మన ఆచారాన్ని దీనితో కలిపి చూడవచ్చు.

కవలలు పుట్టడానికి కారణాన్ని కూడా చరకుడు చర్చించాడు. వాయువు బీజాన్ని రెండుగా విభజించడం వల్ల కవలలు కలుగుతారని శారీరస్థానం రెండవ అధ్యాయం వివరిస్తుంది. అయితే అక్కడి చర్చ పుట్టుకకు సంబంధించినది. కుమారాగార వర్ణనలో ఉన్నది ఒక్క కుమారుడే. పురిటి గదిలో రెండు పడకలు ఎలా అమర్చాలన్న ప్రశ్న ఇంటి ఆడవాళ్ళ అనుభవానికే మిగిలిపోయింది.

4. పురాణ కథల్లో కాపలా భయం

భాగవత దశమస్కంధంలోని బాల్యలీలలను భక్తి దృష్టితో చదవడం మనకు అలవాటు. వాటినే పసిబిడ్డ తల్లి దృష్టితో చదివితే మరొక వరుస కనిపిస్తుంది. పూతన కథలో పాన్పుపై ఉన్న బిడ్డను కొత్తగా వచ్చిన స్త్రీ ఎత్తుకుంటుంది, తల్లులు చూస్తూ కూడా ఆపలేకపోతారు. శకటాసుర కథలో బిడ్డ పక్కకు తిరగడం నేర్చిన సందర్భంగా ఇంట్లో వేడుక జరుగుతుంది. యశోద బిడ్డను బండి నీడన పడుకోబెట్టి అతిథుల మర్యాదల్లో మునిగిపోతుంది, బిడ్డ ఏడుపు ఆమెకు వినిపించదు. అప్పుడే బండి కూలుతుంది. తృణావర్త కథలో తల్లి బరువు మోయలేక బిడ్డను నేలమీద దించగానే సుడిగాలి ఎత్తుకుపోతుంది. మూడు కథల్లోనూ ప్రమాదం కాపలాలో ఏర్పడిన చిన్న సందులోంచే ప్రవేశిస్తుంది. బిడ్డ భగవంతుడు కాబట్టి బయటపడ్డాడు. ఆ కథ వినే తల్లి ఒడిలోని బిడ్డ మామూలు బిడ్డ. పదిహేనవ శతాబ్దిలో పోతన చేతిలో తెలుగైన ఈ ఘట్టాలు ఇంటింటికీ చేరడంలో భక్తితో పాటు ఈ భయానికి కూడా పాలు ఉండవచ్చు.

కవలల విషయంలో లవకుశుల కథ మరింత దగ్గరిది. వాల్మీకి రామాయణం ఉత్తరకాండ ప్రకారం సీతకు ఇద్దరు కుమారులు పుట్టిన రాత్రి మునికి కబురు అందుతుంది. ఆయన దర్భలను మంత్రించి, పై భాగంతో పెద్దవాడికి, కింది భాగంతో చిన్నవాడికి రక్ష చేయమని వృద్ధస్త్రీలకు ఇస్తాడు. కుశ, లవ అనే పేర్లు అలా వచ్చాయి. ఇక్కడ రెండు విషయాలున్నాయి. ఒకటి, రక్ష చేసే బాధ్యత అనుభవమున్న వృద్ధస్త్రీలది. రెండు, ఒకే దర్భ అయినా ఎవరి భాగం వారిదే.

పదకొండవ శతాబ్దపు కథాసరిత్సాగరంలో ఈ కథ మరోలా ఉంది. అందులో సీతకు పుట్టినవాడు లవుడొక్కడే. ఆమె స్నానానికి వెళ్తూ బిడ్డను వెంట తీసుకెళ్తుంది. బిడ్డ ఉండవలసిన చోట లేకపోవడం చూసిన వాల్మీకి ఏ మృగమో ఎత్తుకుపోయిందని భయపడి, సీత దుఃఖించకూడదని దర్భతో మరొక బిడ్డను సృష్టిస్తాడు. తిరిగి వచ్చిన సీతకు ఇద్దరు బిడ్డలవుతారు. మన ఇళ్ళలో పెద్దలు చెప్పే లవకుశుల కథ తరచుగా ఇదే. కవలల పుట్టుకకు మూలకారణం ఖాళీ పడకను చూసిన ఒక వృద్ధుని భయం కావడం ఈ కథలోని విశేషం.

పడక ప్రమాదానికి అతి స్పష్టమైన ప్రాచీన సాక్ష్యం బైబిలులో ఉంది. 1924లో ప్రతిష్ఠ జరిగిన మెదక్ మహాదేవాలయం చుట్టుపక్కల క్రైస్తవ కుటుంబాలకు సొలొమోను తీర్పు కథ సుపరిచితం. రాజులు మొదటి గ్రంథం మూడవ అధ్యాయంలో ఒకే ఇంట్లో ఇద్దరు స్త్రీలు, ఇద్దరు పసికందులు ఉంటారు. రాత్రి నిద్రలో ఒక తల్లి తన బిడ్డమీద పడటంతో ఆ బిడ్డ మరణిస్తాడు. తీర్పులోని తెలివిని గురించి చెప్పుకున్నంతగా వివాదానికి కారణమైన ఆ నిద్రను గురించి మనం చెప్పుకోం. ఇదే భయంతో ఇటలీలోని ఫ్లారెన్సు నగరంలో దాదులు ‘ఆర్కూచ్చో’ అనే చెక్క చట్రాన్ని బిడ్డ చుట్టూ అమర్చేవారని పద్దెనిమిదవ శతాబ్దపు రచనలు తెలుపుతున్నాయి. తల్లి పక్కనే ఉండాలి, కాని తల్లి బరువు బిడ్డమీద పడకూడదు. చేట చేసే పని కూడా అదే.

5. పురిటి చాప నుంచి తొట్టెల దాకా

తెలుగునాట పలు కులాల్లో పుట్టిన బిడ్డను మొదట చేటలో పడుకోబెట్టే ఆచారం ఉంది. ధాన్యం చెరిగే చేటకు సమృద్ధి భావన తోడై ఉండటం దీనికి ఒక కారణం. అంతకు ముందు పిల్లలు దక్కని ఇంట్లో, పుట్టిన బిడ్డను కాసేపు పెంటకుప్పపై ఉంచి తీసుకొచ్చి పెంటయ్య, పెంటమ్మ అని పేరు పెట్టేవారు. మృత్యువుకు ఆ బిడ్డపై ఆశ కలగకూడదని వారి నమ్మకం. మెదక్ పల్లెల్లో పెద్దతరం వారిలో ఈ పేర్లు ఇప్పటికీ వినబడతాయి. బిడ్డ తొలిసారి పడుకున్న చోటే అతని పేరై, జీవితాంతం వెంట నడిచిందన్నమాట. ఎన్ని పురుళ్ళలో ఎందరు బిడ్డలు పోతే ఒక ఊళ్ళో ఇందరు పెంటయ్యలు ఉంటారో ఆలోచిస్తే ఆ కాలపు శిశుమరణాల తీవ్రత అర్థమవుతుంది.

తొట్టెల ప్రవేశం తరువాతి దశ. పదకొండో రోజునో, ఇరవై ఒకటో రోజునో పురుడు చేసి, పేరు పెట్టి, అప్పుడు బిడ్డను తొట్టెలలో వేస్తారు. బారసాల, బాలసారె అని ఇతర ప్రాంతాల్లో పిలిచే వేడుక ఇదే. ఈ వరుసను నిద్రస్థలం కోణంలో చూస్తే ఒక స్పష్టమైన క్రమం కనిపిస్తుంది. అతి బలహీనమైన తొలి రోజుల్లో బిడ్డ నేలకు దగ్గరగా, సమతలంగా, తల్లి చేతికందే దూరంలో ఉంటాడు. కొంత నిలదొక్కుకున్న తరువాతే వేలాడే పడకలోకి వెళ్తాడు. అక్కడికి వెళ్ళేనాటికి అతనికి ఒక పేరు ఉంటుంది, ఊపడానికి ఒక చెయ్యి ఉంటుంది, పాడటానికి ఒక గొంతు ఉంటుంది.

జోలపాటను ఈ నేపథ్యంలో మరోసారి పరిశీలించాలి. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బిరుదురాజు రామరాజు చేసిన ‘తెలుగు జానపద గేయ సాహిత్యం’ పరిశోధన నుంచి నేటి వరకు జోలపాటను వాత్సల్య రసానికి, లయకు, దేశి ఛందస్సుకు ఉదాహరణగా విశ్లేషించారు. అన్నమాచార్యుడు (1408-1503) దేవునికే జోల పాడి ఆ ప్రక్రియకు శాశ్వతత్వం కల్పించాడు. దానికి మరొక ప్రయోజనం కూడా ఉంది. పాట వినిపిస్తున్నంతసేపు బిడ్డ పక్కన ఒక మనిషి మేలుకొని ఉన్నట్టు లెక్క. వంటింట్లో ఉన్న తల్లికి ముసలమ్మ గొంతు ఆ భరోసానే ఇస్తుంది. పాట ఆగితే తల్లి వచ్చి చూస్తుంది. ఈ అర్థంలో జోలపాట కాపలా కేక కూడా.

కవలల దగ్గర ఈ ఏర్పాటుకు ఇబ్బంది వస్తుంది. జోలపాట సంబోధన సాధారణంగా ఏకవచనం. ఊపే తాడు ఒకటి, ఊపే చెయ్యి ఒకటి. ఇద్దరినీ ఒకే చీరలో వేస్తే ఆ బట్ట మధ్యకు కుంగి ఇద్దరూ ఒకరిపై ఒకరు ఒరుగుతారు. రెండు చీరలు కడితే ఇద్దరు కాపలాదారులు కావాలి. ఉమ్మడి కుటుంబం ఈ సమస్యను మనుషుల సంఖ్యతో పరిష్కరించింది: ఒక తొట్టెల దగ్గర అమ్మమ్మ, ఇంకొక తొట్టెల దగ్గర మేనత్త. రాత్రివేళ ఆ మనుషులు కూడా నిద్రపోతారు కాబట్టి, మా అమ్మమ్మ తొట్టెలను వదిలి చేటకు మారింది.

సంప్రదాయమంతా క్షేమకరమేనని దీని అర్థం కాదు. పురిటి గదిలో కుంపటి పెట్టి తలుపులు మూయడం, సాంబ్రాణి పొగ గదినిండా పట్టించడం, దిష్టికని తలకింద ఇనుప వస్తువు ఉంచడం, మధ్యకు దిగిన నులక మంచంపై తల్లీబిడ్డలు కలిసి పడుకోవడం ప్రమాదాలకు దారితీసేవే. ఆచారాన్ని మెచ్చుకోవడానికైనా, తిరస్కరించడానికైనా ముందు దానిలోని ఏ అంశం ఏ పని చేసిందో వేరుచేసి చూడాలి.

6. దూలం పోయి స్లాబు వచ్చింది

తొట్టెల చరిత్ర ఇంటి చరిత్రతో ముడిపడి ఉంది. గూనపెంకల ఇంటికి దూలం ఉండేది. ఆ దూలం ఇంటి నడిమధ్యన, అందరూ తిరిగే చోట ఉండేది కాబట్టి తొట్టెల కూడా అందరి కళ్ళ ముందు ఉండేది. వడ్లవారు చేసిన చెక్క తొట్టెల, మేదరివారు అల్లిన వెదురు తొట్టెల కలిగిన ఇళ్ళలో కనిపించేవి. మిగిలినవారికి పాత చీరే తొట్టెల. నాట్ల కాలంలో ఆ చీరే పొలం గట్టున చెట్టుకొమ్మకు చేరేది. కూలి చేస్తున్న తల్లి చూపు అందే దూరంలోనే ఆ చెట్టు ఉండేది.

గత కొన్ని దశాబ్దాల్లో ఈ దృశ్యం మారింది. రహదారి వెంట పరిశ్రమలు వచ్చాయి, బతుకుతెరువు కోసం వచ్చిన కుటుంబాలు ఒంటిగది అద్దె ఇళ్ళలో ఉంటున్నాయి. స్లాబు ఇంట్లో దూలం లేదు. పంకా కోసం వదిలిన ఇనుప కొండీకో, కిటికీ ఊచలకో చీర కడుతున్నారు. లేదా బజారులో దొరికే ఇనుప స్టాండు ఉయ్యాల, స్ప్రింగు ఉయ్యాల కొంటున్నారు. స్ప్రింగు తనంతట తాను ఊగుతుంది. చెయ్యి అవసరం లేదు, పాట అవసరం లేదు. తొట్టెల మిగిలింది, కాపలా పోయింది. నేటి ప్రమాదానికి మూలం ఇక్కడే ఉంది.

పురుడు కూడా మారింది. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 97 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగాయి. 60.7 శాతం శస్త్రచికిత్స కాన్పులు. కడుపుపై కుట్లున్న తల్లికి నేలమీది చాప నుంచి రాత్రి పదిసార్లు లేవడం సాధ్యం కాదు. అందువల్ల ఆమె మంచం మీదికి, పిల్లలు ఆమె పక్కకు చేరుతున్నారు. చాప, చేట కలిసి ఉన్న పాత అమరిక అలా విడిపోయింది.

7. వైద్యశాస్త్రం చెబుతున్నది

ఆరోగ్యంగా కనిపించిన శిశువు నిద్రలో కారణం తెలియకుండా మరణించడాన్ని 1969లో వైద్యులు ప్రత్యేకంగా నిర్వచించి పేరు పెట్టారు. బోర్లా పడుకోబెట్టడం దీనికి ముఖ్యమైన ముప్పు అని తరువాతి పరిశోధనలు తేల్చాయి. బ్రిటన్‌లో 1991లో, అమెరికాలో 1994లో బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలని పెద్దయెత్తున ప్రచారం జరిగింది. ఆ తరువాతి కాలంలో అమెరికాలో ఈ మరణాలు సగానికి పైగా తగ్గాయి. ఒక మందు లేకుండా, ఒక యంత్రం లేకుండా, కేవలం పడుకోబెట్టే తీరు మార్చడం వల్ల వచ్చిన ఫలితమిది.

అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022లో సవరించిన సూచనల సారాంశం ఇది: బిడ్డ ప్రతి నిద్రకూ వెల్లకిలా పడుకోవాలి. పడక గట్టిగా, సమతలంగా ఉండాలి. దిండ్లు, మెత్తటి దుప్పట్లు, బొమ్మలు ఉండరాదు. కనీసం ఆరు నెలలు తల్లిదండ్రుల గదిలోనే, కాని వేరే పడకపై ఉంచడం మేలు. కవలలను ఒకే పడకపై ఉంచడంలో భద్రత రుజువు కాలేదు కాబట్టి ఎవరి పడక వారికి ఉండటం వివేకమని ఆ సంస్థ చెబుతోంది. అదే ఏడాది మే నెలలో అమెరికా చేసిన చట్టం పది డిగ్రీలకు మించి వాలుగా ఉండే శిశు పడకల అమ్మకాన్ని నిషేధించింది. మెడ నిలవని బిడ్డ వాలుగా పడుకున్నప్పుడు గడ్డం ఛాతీకి ఆని ఊపిరి దారి ముడుచుకుపోయే ప్రమాదం ఉంది. చీర తొట్టెలలో బిడ్డ వీపు వంగే తీరును దీనితో పోల్చి చూడాలి. బోర్లాపడటం నేర్చిన బిడ్డకు, నిలబడబోయే బిడ్డకు చీర మెడకు చుట్టుకునే ప్రమాదం వేరే ఉంది. అటువంటి దుర్ఘటనలు మన దేశపు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి.

కవలలకు ఈ జాగ్రత్తలు మరింత అవసరం. వారిలో నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టేవారు ఎక్కువ. అటువంటి పిల్లల్లో నిద్రలో మరణించే ముప్పు కూడా ఎక్కువ. ఇంకొక వాదన కూడా ఉంది. గర్భంలో కలిసి పెరిగినవారు బయట కూడా కలిసి ఉంటేనే స్తిమితపడతారని చాలామంది నమ్మకం. ఇంగ్లాండులోని డర్హమ్ విశ్వవిద్యాలయ మానవశాస్త్రవేత్త హెలెన్ బాల్ కవలల నిద్రను పరిశీలించి, తొలి వారాల్లో చాలామంది తల్లిదండ్రులు వారిని ఒకే తొట్టెలో ఉంచుతున్నారని, ఎదిగేకొద్దీ విడదీస్తున్నారని వివరించారు. కాబట్టి ఇది తేలికగా కొట్టివేయదగిన కోరిక కాదు. అయితే కలిసి ఉండే సుఖాన్ని మెలకువ వేళకు, ఒడికి, పాలిచ్చే సమయానికి ఉంచుకోవచ్చు. తక్కువ బరువు పిల్లలకు తల్లి చర్మస్పర్శతో వెచ్చదనమిచ్చే కంగారూ పద్ధతి 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో మొదలై మన ప్రభుత్వాసుపత్రుల దాకా వచ్చింది. మేలుకొని ఉన్న తల్లి గుండెపై ఇద్దరూ కలిసే ఉండవచ్చు. అందరూ నిద్రపోయే వేళ మాత్రం విడివిడి పడకలే మేలు.

8. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. మొదటిది, మన పురిటి ఆచారంలో ఒకే నిద్రస్థలం లేదు. తొలి వారాలకు చేట, చాప. ఆ తరువాత తొట్టెల. వైద్యశాస్త్రం నేడు కోరుతున్న ‘సమతలం, విడి పడక, తల్లి సమీపం’ అన్న మూడు లక్షణాలకూ దగ్గరగా ఉన్నది మనం గొప్పగా చెప్పుకునే తొట్టెల కాదు, పేరులేని ఆ మొదటి పడక. రెండవది, తొట్టెల సురక్షితంగా ఉన్నది అందులోని నిర్మాణం వల్ల కాదు, పక్కనున్న మనిషి వల్ల. మూడవది, కవలలు పుట్టిన ఇల్లు ఈ తేడాను ముందుగా బయటపెడుతుంది, ఎందుకంటే అక్కడ కాపలా సగానికి సగం తగ్గుతుంది.

ఆచరణలో దీనికి పెద్ద ఖర్చు అక్కర్లేదు. ఒంటిగది ఇంట్లో రెండు చెక్క ఉయ్యాలలు కొనమని చెప్పడం వృథా. తల్లి పడుకునే చోటుకు చేరువలో, మంచమైతే దాని పక్కనే గోడకూ మంచానికీ మధ్య ఇరుక్కోని విధంగా, రెండు గట్టి పలుచని పరుపులు విడివిడిగా పరిచి, ఇద్దరినీ వెల్లకిలా పడుకోబెట్టడం ఏ ఇంట్లోనైనా సాధ్యం. చీర తొట్టెల పెద్దల కళ్ళ ముందు పగటి కాలక్షేపానికే పరిమితం కావాలి. అందులో నిద్రపోయిన బిడ్డను తీసి పడకపైకి మార్చాలి. పిల్లలు బోర్లాపడటం మొదలుపెట్టగానే దాన్ని విప్పేయాలి.

ఫిన్లాండు ప్రభుత్వం 1938 నుంచి తల్లులకు ఇస్తున్న పెట్టెలో బిడ్డ బట్టలతో పాటు చిన్న పరుపు ఉంటుంది, ఆ పెట్టే బిడ్డ తొలి పడక అవుతుంది. తెలంగాణలో 2017 జూన్‌లో మొదలైన కేసీఆర్ కిట్‌లో బిడ్డకు దోమతెర ఇవ్వడం ఆ దిశగా పడిన అడుగే. ఆశా కార్యకర్తలు నవజాత శిశువు ఇంటికి ఆరు వారాల్లో 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వెళ్ళే ఏర్పాటు 2011 నుంచి ఉంది. ఆ సందర్శనల్లో బరువు, జ్వరం, పాల సంగతితో పాటు “రాత్రి ఎవరెక్కడ పండుకుంటున్నరు?” అనే ప్రశ్న కూడా అడిగి, ఆ చోటును కళ్ళారా చూసి రావడం కవలల ఇళ్ళలో ఎంతో మేలు చేస్తుంది.

జానపద విజ్ఞాన పరిశోధకులకు కూడా ఇక్కడ పని ఉంది. జోలపాట సేకరించేటప్పుడు పాటతో పాటు ఆ పాట పాడిన వేళను, తొట్టెల కట్టిన చోటును, రాత్రి బిడ్డ ఎక్కడికి మారిందో ఆ వివరాన్ని కూడా రాసుకోవాలి. ఆ వివరాలు తెలిసిన ముసలమ్మలు చేగుంటలోనూ, చుట్టుపక్కల పల్లెల్లోనూ ఇంకా ఉన్నారు. పాటకు వరస కట్టినవారు ఎవరో తెలియకపోయినా, పాట ఆగిన తరువాత బిడ్డను తీసి చేటలో వేసింది వాళ్ళే.